తాళంచెవి ఎవరి చేతికిస్తున్నాం?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

మైపాడు, కొత్తపట్నం, పాకల, రామాయపట్నం వైపు సొంతానికని కట్టుకున్న ఇళ్ళను శని, ఆదివారాలకు అద్దెకివ్వడం గురించి ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపాం. పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మైపాడులో సముద్రానికి దగ్గిర మూడు గదుల మిద్దె కట్టుకోనుండాం. మేం నెల్లూరులో, పిల్లలు హైదరాబాదులో. ఏడాదిలో పది నెలలు ఇంటికి బీగమే. రోజుకు ఆరు వేలిస్తామని అడగతా ఉండారు. ముక్కూ మొహం తెలీనోళ్ళని ఇంట్లో ఎట్టా పెడతామని మాయాయన ఒప్పుకోడం లేదు. ఆయన భయపడేది నిజమేనా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: నిజమేనమ్మా. కాకపోతే ఆయన భయం దొంగతనం గురించైతే, అది ఈ వ్యవహారంలో చివరి సమస్య. టీవీ పోయినా, మంచం విరిగినా డిపాజిట్లో పట్టుకోవచ్చు. లోపల ఎవరున్నారో, ఎంతమంది ఉన్నారో, ఏం చేస్తున్నారో మీకు తెలియకపోతే మాత్రం స్టేషన్ మెట్లెక్కాల్సి వస్తుంది.

ముందు ‘ఎంతమంది’ సంగతి. ఫోన్లో ఆరుగురమంటారు. చీకటి పడ్డాక ఇంకో రెండు కార్లు వస్తాయి, పద్నాలుగు మంది అవుతారు. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్ళని లెక్క. ఆరుగురికి 810 లీటర్లు. వెయ్యి లీటర్ల ట్యాంకు సరిపోతుంది. పద్నాలుగు మందికి 1,890 కావాలి, సముద్రంలోంచి వచ్చినప్పుడల్లా ఒళ్ళు కడుక్కునే నీళ్ళు దానికి అదనం. మోటరు ఆపకుండా తిప్పుతారు. తీరంలో మంచినీటి పొర పల్చగా ఉప్పునీటి మీద తేలుతుంటుంది. బోరును అదేపనిగా తోడితే కింది ఉప్పునీరు పైకెక్కుతుంది, ఒకసారి ఎక్కితే ఓ పట్టాన దిగదు. వాడిన నీళ్ళు చేరేది సెప్టిక్ ట్యాంకులోకి, అక్కణ్ణుంచి ఇంకుడు గుంతలోకి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు. ఇసుక నేలలో నీటిమట్టం పైకొచ్చి గుంత ఇక తాగదు. ఆదివారం పొద్దున్నే లెట్రిన్ వెనక్కి తంతుంది. అందుకని రాత్రి పడుకునేవాళ్ళ సంఖ్యే కాకుండా పగలు వచ్చిపోయేవాళ్ళ సంఖ్య కూడా ముందే రాయించుకోండి. (ట్యాంకు ఎత్తించాల్సి వస్తే బండినే పిలవండి. మనిషిని లోపలికి దించకండి. లోపలి గ్యాసుకు నిమిషాల్లో ప్రాణం పోతుంది, 2013 చట్టం ప్రకారం దించినవాళ్ళది నేరం కూడా.)

ఇక ‘ఏం చేస్తున్నారు’. మన జిల్లాల్లో మొదట చెప్పుకోవాల్సింది పేకాట. 1974 నాటి ఏపీ గేమింగ్ చట్టంలో ‘పేకాట ఇల్లు’ అంటే ఏదో చెప్పేటప్పుడు, ఇల్లు వాడుకోనిచ్చినందుకు యజమాని డబ్బు తీసుకోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. అంటే డబ్బు పెట్టి ఆడతారని తెలిసి అద్దెకిస్తే ‘నేను ఆడలేదు కదా’ అనే మాట నిలవదు. గంజాయి దొరికితే 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం 25వ సెక్షన్, వ్యభిచారం జరిగితే 1956 నాటి చట్టం. రెండింట్లోనూ తెలిసి ఇల్లిచ్చిన యజమాని నేరస్తుడే. ఈ ‘తెలిసి’ అన్న మాట దగ్గరే మీ రక్షణ అంతా ఉంది. మీకు తెలియదని నోటితో చెబితే చాలదు. ఎవరికిచ్చారు, ఏ షరతుల మీద ఇచ్చారు, మీ మనిషి ఎప్పుడు వెళ్ళి చూసి వచ్చాడు అన్నవి కాగితం మీద ఉండాలి.

చేయాల్సిన పని ఇదీ. డబ్బు తీసుకోకముందే ఫోన్లో మాట్లాడండి. ఏ ఊరు, పెద్దవాళ్ళు ఎందరు, పిల్లలు ఎందరు, ఏ బండిలో వస్తున్నారు, ఎందుకొస్తున్నారు. చెన్నై నుంచో బెంగుళూరు నుంచో పిల్లలతో రెండు రాత్రులకు వచ్చే కుటుంబానికి ధైర్యంగా ఇవ్వొచ్చు. నెల్లూరు నుంచే, ఆ సాయంత్రమే, ఒక్క రాత్రికి, అందరూ కుర్రాళ్ళు – ఈ నాలుగూ ఒకచోట కలిస్తే ఇవ్వకండి. అది పార్టీ. డిసెంబరు 31న, సంక్రాంతి మూడు రోజులు రెట్టింపు అద్దె ఇస్తామన్నా, మీరు స్వయంగా ఊళ్ళో ఉండకపోతే వద్దనే మా సలహా.

దిగే పెద్దవాళ్ళందరి గుర్తింపూ తీసుకోండి, ఒక్కరిది చాలదు. ఆధార్ జిరాక్సు తీసి పెట్టుకునే అలవాటు మానేయండి. అది పోతే వాళ్ళకూ నష్టం, మీకూ తలనొప్పి. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడగండి. కార్డు మీది క్యూఆర్‌ను ఆధార్ యాప్‌తో స్కాన్ చేస్తే పేరు, పుట్టిన తేదీ, ఫొటో వస్తాయి. ఫొటోనూ ఎదుటి మనిషినీ పోల్చి చూడండి. రంగు జిరాక్సు మీద పేరు మార్చుకొస్తే ఇక్కడే దొరికిపోతారు. మామూలు స్కానర్‌తో చూడకండి, దాన్లో అర్థం కాని అంకెలే వస్తాయి.

పొడుగు నోటుబుక్కు ఒకటి పెట్టండి. వచ్చిన తేదీ, గంట, పేరు, ఊరు, ఫోను, కార్డు రకం, చివరి నాలుగంకెలు, బండి నంబరు, మొత్తం ఎందరు, సంతకం, వెళ్ళిన గంట. కాగితాలు చించడానికి వీల్లేని కుట్టు పుస్తకమై, పేజీలకు నంబర్లు ఉంటే రేపు ఎవరైనా నమ్ముతారు. మీ పరిధి పోలీసు స్టేషన్లో ‘ఫలానా డోరు నంబరు ఇల్లు రోజువారీ అద్దెకు ఇస్తున్నాం, చూసుకునే మనిషి ఫోను ఇది’ అని ఒక అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. పండగలప్పుడు స్టేషన్ నుంచి అద్దెదారుల వివరాలు అడిగే ఉత్తర్వులు వస్తుంటాయి. అప్పుడు ఆ ముద్ర అక్కరకొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం ఊళ్ళో మీ మనిషి. తాళంచెవి అతని చేతి మీదుగానే వెళ్ళాలి, అతని చేతికే తిరిగి రావాలి. పూలకుండీ కింద పెట్టడం, నంబర్ల బీగం అంకెలు వాట్సాప్‌లో పంపడం లాంటివి పెట్టుకోవద్దు. రాత్రి తొమ్మిదికి ఒకసారి ‘నీళ్ళొస్తున్నాయా అయ్యా’ అని పలకరించి రమ్మనండి. ఎందరున్నారో అప్పుడు తెలిసిపోతుంది. ఈ పనికి నెల జీతం ఇవ్వండి. బుకింగుకింతని ఇస్తే, ఎవరొచ్చినా తలుపు తీయడమే అతనికి లాభం అవుతుంది. అలాంటి మనిషి ఊళ్ళో లేకపోతే ఇల్లు అద్దెకివ్వకండి. మీ ఆయన మాటే నెగ్గనివ్వండి.

ప్రశ్న: కొత్తపట్నంలో మా ఇంటి ఫొటోలు ఆన్‌లైన్లో పెట్టాం. ఆర్మీ ఆఫీసరునంటూ ఒకాయన ఫోన్ చేశాడు. నాలుగు రోజుల అద్దె ముందే పంపుతానన్నాడు, యూనిఫాం ఫొటో, గుర్తింపు కార్డు కూడా పంపాడు. ‘మా ఖాతా పద్ధతి వేరు, నేను పంపే క్యూఆర్ స్కాన్ చేస్తే డబ్బు మీకు వస్తుంది’ అంటున్నాడు. చేయొచ్చా?
– ఒంగోలు

జవాబు: చేయొద్దు. ఇది మోసం. ఆ కార్డు ఎవరిదో అసలైన జవానుది కూడా అయుండొచ్చు, ఇంతకుముందు మరొకరిని ఇలాగే మోసం చేసి సంపాదించింది. డబ్బు మీకు రావడానికి స్కాన్ చేయాల్సిన పని లేదు, పిన్ కొట్టాల్సిన పని అసలే లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచి పోతున్నట్టే.

దీనికి తమ్ముడు ఇంకోటుంది. ‘రెండు వేలు పంపబోయి ఇరవై వేలు పంపాను, మిగతాది వెనక్కి వేయండి’ అంటారు. మీ ఫోనుకు మెసేజీ వచ్చి ఉంటుంది, కానీ అది బ్యాంకు పంపింది కాదు, వాళ్ళే టైపు చేసి పంపింది. మెసేజీ చూసి కాకుండా బ్యాంకు యాప్‌లో నిల్వ చూసి నమ్మండి. వాళ్ళు చూపించే స్క్రీన్‌షాట్‌కు విలువ లేదు. గుమ్మం దగ్గర తాళంచెవి ఇచ్చే మీ మనిషికి కూడా ఇదే చెప్పండి: యజమానికి ఫోన్ చేసి ‘పడింది’ అన్న మాట విన్నాకే తలుపు తీయాలి.

ఇప్పటికే పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఖాతాలు మారకముందే చెబితే ఆపే అవకాశం ఉంటుంది, తెల్లారాక చూద్దామంటే ఉండదు.

మీరు అడగని ప్రమాదం ఒకటి. మీ ఫొటోలు దించుకుని, వేరే ఫోన్ నంబరుతో మీ ఇంటినే ఎవరో అద్దెకు పెట్టొచ్చు. హైదరాబాదు నుంచి ఒక కుటుంబం అడ్వాన్సు కట్టేసి, సామానుతో మీ గేటు ముందు దిగుతుంది. వాళ్ళూ మోసపోయినవాళ్ళే, కసరకండి. డబ్బు కట్టిన రుజువులు భద్రం చేసుకుని 1930కి ఫిర్యాదు చేయమనండి. మీరూ విడిగా ఫిర్యాదు ఇవ్వండి. ఇలా జరగకుండా ప్రతి ఫొటో మధ్యలో మీ ఫోన్ నంబరు పడేలా రాయండి. మూలన రాస్తే కత్తిరించేస్తారు.

ప్రశ్న: పాకలలో ఇంటికి గృహ కనెక్షనే ఉంది. అద్దెకిస్తే మీటరు మార్చాలా? పన్నుల సంగతేంటి? హోమ్‌స్టే అని బోర్డు పెట్టుకోవచ్చా?
– సింగరాయకొండ

జవాబు: కరెంటు సంగతి తేలిగ్గా తీసుకోకండి. నివాసానికి తీసుకున్న కనెక్షన్‌ను వ్యాపారానికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కిందకొస్తుంది. తనిఖీకి వచ్చినవాళ్ళు వర్తించాల్సిన టారిఫ్‌కు రెట్టింపు లెక్క వేస్తారు. ఎప్పటినుంచి వాడుతున్నారో తేలకపోతే వెనక్కి పన్నెండు నెలలకు వేస్తారు. అప్పీలుకు వెళ్ళాలంటే 30 రోజుల్లో, అందులో సగం కట్టి వెళ్ళాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు తెలిసినవాళ్ళకిచ్చే ఇంటి మాట వేరు. ఆన్‌లైన్లో ధర పెట్టి వారం వారం ఇస్తున్నప్పుడు సెక్షన్ ఆఫీసుకు వెళ్ళి కేటగిరీ మార్పుకు దరఖాస్తు పెట్టండి. ఆ ఖర్చు కూడా వేసుకున్నాకే అద్దె ఎంతో నిర్ణయించండి.

గ్యాసూ అంతే. ఇంటి 14.2 కిలోల సిలిండరు వ్యాపారానికి వాడకూడదు, దానికి 19 కిలోలది ఉంటుంది. మమ్మల్నడిగితే అద్దె ఇంట్లో గ్యాసే వద్దంటాం. ఇండక్షన్ పొయ్యి, దానికి పనికొచ్చే అడుగున్న గిన్నెలు పెట్టండి. గ్యాసు ఉండి తీరాలంటే నారింజ రంగు సురక్ష ట్యూబు, మీటరున్నర మించకుండా. దాని మీద తేదీ అచ్చువేసి ఉంటుంది, ఐదేళ్ళకు మార్చాలి. సిలిండరు కంటే పొయ్యి ఎత్తులో ఉండాలి. రెగ్యులేటర్ ఎలా ఆపాలో దిగేవాళ్ళకు చేసి చూపించండి. ఎలక్ట్రిక్ కుక్కర్లకు అలవాటుపడ్డ పిల్లలకు ఇది తెలియదు. గ్యాసు గాలి కంటే బరువు, నేల మీద పేరుకుంటుంది. వాసనొస్తే స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తీసి 1906కి ఫోన్ చేయాలని పొయ్యి పక్కనే రాసి అంటించండి.

జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే. బుకింగ్ సైటు ద్వారా ఇస్తే, రిజిస్ట్రేషన్ లేని మీ తరఫున పన్ను ఆ సైటే కడుతుంది. రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. ఆదాయపు పన్నులో మాత్రం దాపరికం కుదరదు, సైటు మీ పాన్ మీద చూపించేస్తుంది. ఉత్త అద్దె అయితే ఇంటి ఆదాయంగా 30 శాతం తగ్గింపు ఉంటుంది. దుప్పట్లు మార్చడం, టిఫిను పెట్టడం కలిస్తే వ్యాపార ఆదాయంగా చూస్తారు. ఆడిటరుకు ఈ తేడా చెప్పి రిటర్ను వేయించండి.

బోర్డు విషయం: కేంద్ర పర్యాటక శాఖ మార్గదర్శకాల్లో హోమ్‌స్టే అంటే ఒకటి నుంచి ఆరు గదులు, పన్నెండు మంచాలు మించనిది, యజమాని కుటుంబం అదే ఇంట్లో కాపురం ఉన్నది. మీరు అక్కడ ఉండటం లేదు కాబట్టి ఆ పేరుతో ధ్రువపత్రానికి వెళ్ళకండి.

ప్రశ్న: రామాయపట్నం దగ్గర మాకు ఖాళీ ఇల్లుంది. ఓడరేవు పనులు చేసే కాంట్రాక్టరు ఒకాయన మూడు నెలలకు మొత్తం ఇల్లు కావాలంటున్నాడు. పన్నెండు మంది స్టాఫంట. శని, ఆదివారాల బాధ లేకుండా నెలకింతని వస్తుంది కదా, ఇచ్చేయమంటారా?
– కావలి

జవాబు: డబ్బు కుదురుగా వస్తుంది, నిజమే. కానీ ఇది సెలవు ఇల్లు అద్దెకివ్వడం కాదు, ఇల్లు అద్దెకివ్వడమే. రెండు రోజులకు దిగినవాళ్ళకు మీరిచ్చేది ఉండటానికి అనుమతి మాత్రమే. ఇల్లు మీ స్వాధీనంలోనే ఉంటుంది. నెలలకు నెలలు, లోపలి తాళం కూడా వాళ్ళ దగ్గరే ఉండేట్టు ఇస్తే అది కిరాయి హక్కు అవుతుంది. పైన ఏం పేరు రాసుకున్నా కోర్టు చూసేది స్వాధీనం ఎవరిదని. మూడు నెలలు ఆరైనా ఖాళీ చేయకపోతే మీరు తాళం పగలగొట్టి సామాను బయట పెట్టకూడదు, కరెంటు తీసేయకూడదు. అలా చేస్తే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి వాళ్ళే తిరిగి ఇంట్లోకి రావచ్చు. అక్కడ ఇల్లు ఎవరిదన్న ప్రశ్న కూడా రాదు.

ఇవ్వదలిస్తే ఒప్పందం కంపెనీ పేరుతో రాయించండి, మేస్త్రీ పేరుతో వద్దు. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉండబోయే పన్నెండు మంది పేర్లు, మనిషి మారినప్పుడల్లా కొత్త జాబితా. మూడో మనిషికి ఇవ్వకూడదన్న షరతు. గడువు దాటితే రోజుకు ఎంతో అంకె వేసి రాయండి, మామూలు అద్దెకు రెట్టింపు అడగడం న్యాయమే. డిపాజిట్ మూడు నెలలది. నెలకు ఒకసారి ముందు చెప్పి లోపలికొచ్చి చూసే హక్కు. పన్నెండు మందికి ఒకే లెట్రిన్ ఉంటే ఇవ్వకండి. నెల తిరక్కుండానే ఇరుగుపొరుగుతో మీకు తగాదా వస్తుంది.

ఇంకో మాట. కూలికి వచ్చిన వేరే రాష్ట్రం పిల్లలని ఊళ్ళో అందరూ అనుమానంగా చూడటం మేమూ చూస్తున్నాం. కాగితం సరిగ్గా ఉంటే వాళ్ళ వల్ల వచ్చే ఇబ్బందేం లేదు. అడగాల్సింది కాంట్రాక్టరును.

ప్రశ్న: మా దగ్గర దిగినవాళ్ళు సముద్రంలో మునిగిపోతే, ఇంట్లో కరెంటు షాక్ కొడితే మాకు బాధ్యత ఉంటుందా? బీమా ఉంది.
– అల్లూరు

జవాబు: సముద్రం మీది కాదు. అయినా హెచ్చరించాల్సిన బాధ్యత మీది. ఇంట్లో జరిగేదానికి మాత్రం పూర్తిగా జవాబుదారీ మీరే. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా శిక్ష ఉంది.

కరెంటుతో మొదలుపెట్టండి. మెయిన్ బోర్డు మూత తీయండి. వరసగా ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే తమంతట పడిపోయే స్విచ్చులు) ఉంటాయి. వాటికి ముందు కాస్త వెడల్పుగా, ‘టి’ అక్షరం ఉన్న చిన్న బొత్తాంతో ఇంకో స్విచ్చు ఉందా? అది ఆర్‌సీసీబీ. చాలా పాత ఇళ్ళల్లో అది ఉండదు. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. అది పడాలంటే ఆంపియర్లలో కరెంటు కావాలి. మనిషి గుండె ఆగడానికి ఆంపియరులో పదో వంతు కూడా అక్కర్లేదు. ఆర్‌సీసీబీ వెళ్ళిన కరెంటునూ తిరిగొచ్చిన కరెంటునూ పోల్చి, తేడా వస్తే రెప్పపాటులో కట్టేస్తుంది. దాని మీద 30 ఎంఏ (మిల్లీ ఆంపియర్లు) అని ఉండాలి. 100, 300 అని ఉన్నవి నిప్పు అంటుకోకుండా చూసేవి, మనిషికి పనికిరావు. నెలకోసారి ఆ బొత్తాం నొక్కాలి, టక్కున పడిపోవాలి. పడకపోతే ఆ రోజే మార్పించండి. ఇన్వర్టరు నుంచి వెళ్ళే లైనుకు విడిగా ఇంకోటి కావాలి, లేకపోతే కరెంటు పోయినప్పుడు రక్షణా పోతుంది.

సముద్రంలో మునిగొచ్చిన మనిషి ఒళ్ళంతా ఉప్పు తడి. ఆ తడికి చర్మం అడ్డు చెప్పదు, ఒళ్ళు కరెంటుకు దారి ఇచ్చేస్తుంది. అలాగే వచ్చి గీజరు స్విచ్చు వేస్తాడు. కాబట్టి గీజరు స్విచ్చు బాత్రూం బయటే ఉండాలి, రెండు తీగలనూ కట్ చేసే రకం అయుండాలి. ఎర్తింగ్ గుంత మూత తీసి పైపుకు తీగ కలిసే బోల్టు చూడండి. తీరంలో రెండేళ్ళకే అది ఎర్రటి పెంకు కట్టి, పట్టుకుంటే పొడిగా రాలుతుంటుంది. తీగ ఉన్నట్టే కనిపిస్తుంది, కలిసి మాత్రం ఉండదు. ఏటా బోల్టు మార్పించి, మీటరు పెట్టించి చూడండి, ఐదు ఓమ్‌ల లోపు రావాలి. ఎండాకాలం గుంతలో నీళ్ళు పోయించండి.

ఆ తర్వాత సంపు మూత. పిల్లవాడు ఎత్తలేని బరువుండాలి, లేదా బీగం వేసుండాలి. మిద్దె మీద పిట్టగోడ నడుము ఎత్తుకు తక్కువైతే మెట్ల తలుపుకు తాళం వేయండి. వంటింట్లో మంటలార్పే రెండు కిలోల ఏబీసీ పొడి సిలిండరు పెట్టి, ముల్లు పచ్చగీతలో ఉందో లేదో చూడండి. చలి మంట, బొగ్గుల కుంపటి గదిలో పెట్టనివ్వకండి. దాని పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది, నిద్రలోనే పోతారు.

సముద్రం దగ్గర ఎక్కువమంది చేసే పొరపాటు: అలలు విరిగే చోటు భయంగా ఉంది కదా అని, మధ్యలో అల లేకుండా కాస్త ముదురు రంగుగా, ప్రశాంతంగా కనిపించే పాయలో దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ లోపలికి వెనక్కెళ్ళే దారి అదే. దాన్లో ఒడ్డుకు ఎదురీదితే ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ పాయ దాటాక ఒడ్డు వైపు రావాలి. ఈ నాలుగు మాటలూ తెలుగు, ఇంగ్లీషు, తమిళంలో గేటు లోపలి వైపు రాసి పెట్టండి. చీకటి పడ్డాక, తాగి ఉన్నప్పుడు దిగొద్దని రాయండి. కింద 112, 108, తీర రక్షణ పోలీసుల 1093. తాడు కట్టిన గాలి ట్యూబు ఒకటి గోడకు తగిలించండి, ఆడుకోడానికి మాత్రం ట్యూబులు ఇవ్వకండి. జాలరి పడవ మాట్లాడిపెట్టమని అడుగుతారు. లైఫ్ జాకెట్లు లేకుండా మీరు మధ్యలో ఉండొద్దు. కార్తీక పౌర్ణమికి, తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో బుకింగు తీసుకుని ఉంటే డబ్బు తిరిగి ఇచ్చేయండి. ఆ నష్టం చిన్నది.

బీమా కాగితం ఇప్పుడే తీసి చూడండి. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ‘భారత్ గృహ రక్ష’ పాలసీ తుపాను, వరద, అగ్నిప్రమాదం వల్ల ఇంటికి జరిగిన నష్టానికి మంచిదే. కానీ అది నివాసపు ఇంటికి. ఇల్లు అద్దెకిచ్చినా, వాడకం మారినా కంపెనీకి రాసివ్వాలి. ఫైర్ పాలసీల్లో, ఇల్లు వరసగా 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే రక్షణ ఆగిపోయే షరతు కూడా ఉంటుంది. పది నెలలు బీగం వేసే ఇళ్ళకు అసలు చిక్కు ఇదే. దిగినవాళ్ళకు దెబ్బ తగిలితే ఇచ్చేది వేరే, పబ్లిక్ లయబిలిటీ అని అడిగి తీసుకోవాలి. ఏజెంటు ‘అన్నీ వస్తాయి సార్’ అంటే, ఆ మాట మెయిల్లో రాసివ్వమనండి.

ప్రశ్న: లోపల ఏం జరుగుతుందో తెలియడానికి హాల్లో సీసీ కెమెరా పెట్టొచ్చా?
– కందుకూరు

జవాబు: వద్దు. గేటుకూ పార్కింగుకూ పెట్టండి, పెట్టినట్టు ముందే చెప్పండి. గడప లోపల ఎక్కడా వద్దు, హాల్లో కూడా. బట్టలు మార్చుకునే చోట, స్నానాల గదిలో కెమెరా దొరికితే న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ళ జైలు. ఐటీ చట్టం 66ఇ దానికి అదనం. మీరు పెట్టకపోయినా, అంతకుముందు దిగినవాడు పెట్టి వెళ్ళొచ్చు. దిగేవాళ్ళు మారినప్పుడల్లా పొగ డిటెక్టరు, ఛార్జర్లు, గోడ గడియారం, సెట్‌టాప్ బాక్సు తీసి చూడమనండి. దీపాలార్పి ఫోన్ టార్చి వేస్తే లెన్సు చుక్కలా మెరుస్తుంది. మీదికాని ఛార్జరు సాకెట్లో కనిపిస్తే పీకి పక్కన పెట్టి పోలీసులకు చెప్పండి.

ప్రశ్న: అమెరికా నుంచి వచ్చిన తెలుగువాళ్ళు వారం రోజులకు అడిగారు. వాళ్ళకేమైనా వేరే రూలుందా?
– నెల్లూరు

జవాబు: పాస్‌పోర్టు చూడండి. భారత పాస్‌పోర్టు అయితే మామూలే. అమెరికా పాస్‌పోర్టు అయితే తెలుగు ఎంత బాగా మాట్లాడినా, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత మూలాలవాళ్ళకిచ్చేది) ఉన్నా, వాళ్ళు చట్టం దృష్టిలో విదేశీయులే. దిగిన 24 గంటల్లో ఆన్‌లైన్లో వివరాలు పంపాలి, ఇన్నాళ్ళూ ‘సి ఫారం’ అనేవాళ్ళు. 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త వలసల చట్టం అమల్లోకి వచ్చినా ఈ బాధ్యత పోలేదు. హోటళ్ళకే కాదు, ఇంటి యజమానికీ వర్తిస్తుంది. ఆ వివరాలు పంపే పోర్టల్లో మీరు ముందే రిజిస్టర్ అయుండాలి కాబట్టి వాళ్ళు దిగే రోజు దాకా ఆగకండి.

ప్రశ్న: మొన్న దిగినవాళ్ళు టీవీ పగలగొట్టి ‘ముందే అలా ఉంది’ అని వెళ్ళిపోయారు. డిపాజిట్ పట్టుకోవచ్చా?
– చీమకుర్తి

జవాబు: ముందు ఎలా ఉందో చూపించగలిగితే పట్టుకోవచ్చు. ఈసారికి వదిలేయాల్సి రావచ్చు. ఇకమీద దిగే రోజు మీ మనిషి వాళ్ళను వెంటబెట్టుకుని గది గదీ తిరుగుతూ రెండు నిమిషాల వీడియో తీయాలి: టీవీ వేసి, ఏసీ వేసి, ట్యాపు తిప్పి, అద్దాలు చూపించి. ఆ వీడియో అక్కడే వాళ్ళ వాట్సాప్‌కు పంపాలి. వెళ్ళే రోజు మళ్ళీ అలాగే, వాళ్ళు కారెక్కక ముందే. డిపాజిట్ ఒక రోజు అద్దెకు తగ్గకుండా ముందే ఖాతాలో పడాలి, అన్నీ సరిగ్గా ఉంటే తాళంచెవి తిరిగిచ్చిన గంటలోనే వెనక్కి వేయాలి. డబ్బు కోసం వాళ్ళను తిప్పించుకుంటే మీ పేరు పోతుంది. సైటు ద్వారా బుక్ చేసినవాళ్ళయితే సైటు పెట్టిన గడువులోపు, తర్వాతివాళ్ళు దిగకముందే ఫొటోలతో క్లెయిమ్ పెట్టండి. మధ్యలో ఇంకొకరు దిగారంటే ఎవరు పగలగొట్టారో తేలదు.

గోడకు ‘గ్లాసు 50, దుప్పటి 600, తాళంచెవి పోతే బీగం ఖరీదు’ అని ధరల పట్టిక అంటించండి. వాదన ఉండదు. ఉప్పుగాలికి ఏసీ బయటి యూనిట్ కాయిల్ తినేయడం, కుళాయి పట్టు విడవడం, తలుపు బిగుసుకోవడం దిగినవాళ్ళ తప్పు కాదు. వాటికి డిపాజిట్ ముట్టుకోకండి.